ఫోనులో గిరాకీ: నలగొండ, పాలమూరు చిన్న వ్యాపారులు సోషల్ మీడియాను ఎలా వాడుకోవాలి

"ఫాలోవర్లు ఎలా పెరుగుతారు?" అని అందరూ మొదట అడుగుతారు. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. నారాయణపేటలో మూడు మగ్గాలున్న ఇంటికి నెలకు పాతిక చీరలు అమ్ముడైతే మగ్గం ఖాళీగా ఉండదు. మిర్యాలగూడలో ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆవిడకు వారానికి ఇరవై కిలోలు పోతే చేతినిండా పనే. ఇంత గిరాకీకి లక్షమంది చూడనక్కర్లేదు. మీ సరుకు నిజంగా కావలసిన రెండు మూడు వందల మంది మీ నంబరు దాచుకుని, అవసరం వచ్చినప్పుడు మీకే మెసేజ్ పెడితే చాలు. కొనే మనిషి షోలాపూర్‌లో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా మధ్యలో దళారి లేకుండా మీతో మాట్లాడగలగడమే సోషల్ మీడియా వల్ల చిన్న వ్యాపారికి జరిగే అసలు మేలు. కింద చెప్పేవన్నీ అందుకోసమే.

ఉదాహరణలు ఎక్కువగా చేనేత నుంచి తీసుకున్నాను. ఉమ్మడి నలగొండ, ఉమ్మడి పాలమూరు జిల్లాల్లో ఫోను ద్వారా ఊరు దాటి అమ్ముడుపోయే సరుకుల్లో ముందుండేది అదే. మీది బత్తాయి తోటైనా, బేకరీ అయినా, టెంట్ హౌస్ అయినా ఆ చీర స్థానంలో మీ సరుకును పెట్టుకుని చదవండి.

మొదట కాగితం, తర్వాత ఫోను

ఏమి అమ్ముతున్నారు, ఎవరికి అమ్ముతున్నారు అన్నది ఒక్క వాక్యంలో రాయండి. "అందరికీ అన్నీ" అని రాస్తే మళ్లీ రాయండి. "హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఆడవాళ్లకు రోజూ కట్టుకోదగిన నారాయణపేట నూలు చీరలు" అన్నది పనికొచ్చే వాక్యం. "నలగొండ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టినరోజులకు గుడ్డు లేని కేకులు" అన్నదీ పనికొస్తుంది.

మన జిల్లాల్లో కొనేవాళ్లు మూడు రకాలు. మీ ఊళ్లోనో పక్క మండలంలోనో ఉండి, దుకాణానికి వచ్చి కొనేవాళ్లు మొదటి రకం. ఇక్కడ పుట్టి బతుకుతెరువుకు వెళ్లినవాళ్లు రెండో రకం. వీళ్లు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలోనే ఉంటారనుకోకండి. ముంబై, భీవండి, షోలాపూర్, సూరత్‌లలో తరాలుగా స్థిరపడిన మన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఊరి సరుకు మీద వాళ్లకున్న మమకారం ఏ ప్రకటనకూ రాదు. మూడో రకం, మీ ఊరి పేరే తెలియనివాళ్లు. మొదటి రకానికి గూగుల్ మ్యాప్స్, రెండో రకానికి వాట్సాప్, మూడో రకానికి ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్. మీ అమ్మకాల్లో ఏ రకం ఎక్కువో చూసుకుని అక్కడే మొదలుపెట్టండి. నాలుగింటినీ ఒకే రోజు తెరిచినవాళ్లు నెల తిరక్కుండా నాలుగింటినీ వదిలేస్తారు.

దుకాణాన్ని మ్యాపులో పెట్టండి

ఇది ఒక పూట పని, ఖర్చు లేని పని. అయినా ఎక్కువమంది చేయరు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో దుకాణం పేరు, ఫోను నంబరు, తెరిచే వేళలు నింపి, గూగుల్ అడిగిన పద్ధతిలో, అంటే ఫోను ద్వారానో వీడియో తీసి పంపడం ద్వారానో, దుకాణం మీదేనని రుజువు చేసుకోవాలి. పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే ఇవ్వండి. చిరునామాలో మన జనం వాడే గుర్తు ఉండాలి. "గడియారం చౌరస్తా నుంచి రెండో సందు" అంటే మహబూబ్‌నగర్‌లో ఎవరైనా వస్తారు, ఇంటి నంబరు ఇస్తే పోస్ట్‌మ్యాన్ తప్ప ఎవరూ రారు.

ఫోటోల్లో మొదటిది దుకాణం ముందు భాగం కావాలి. రోడ్డు మీద నిలబడి చూస్తే ఎలా కనిపిస్తుందో అలా తీయండి. రెండోది లోపలిది, మూడోది సరుకు. అమావాస్యకు మూసేస్తే, మధ్యాహ్నం రెండు గంటలు తలుపు వేస్తే ఆ సంగతి వేళల్లో రాయండి. యాభై కిలోమీటర్లు వచ్చి మూసిన తలుపు చూసినవాడు మళ్లీ రాడు, పైగా రివ్యూలో ఒక్క స్టార్ వేసి పోతాడు.

పర్యాటకులు వచ్చే ఊళ్లకు ఇది మరీ ముఖ్యం. భూదాన్ పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అలా వచ్చేవాళ్లు కారులో కూర్చుని ఫోనులో చూసే దుకాణాలకే వెళ్తారు. నాగార్జునసాగర్, యాదగిరిగుట్ట, అలంపురం దారుల్లో టిఫిన్ సెంటర్ నడిపేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

"మీ మ్యాపు లిస్టింగు పోతుంది, ఇంత కట్టండి" అని ఎవరైనా ఫోను చేస్తే వెంటనే కట్ చేయండి. లిస్టింగుకు గూగుల్ డబ్బు తీసుకోదు.

వాట్సాప్ బిజినెస్: అసలు కొట్టు ఇదే

నా లెక్కలో మన జిల్లాల చిన్న వ్యాపారికి అన్నిటికంటే విలువైన పనిముట్టు ఇదే. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసినా, మ్యాపులో చూసినా చివరికి బేరం కుదిరేది వాట్సాప్‌లోనే.

వ్యాపారానికి వేరే సిమ్ తీసుకోండి. ఒక నంబరు మామూలు వాట్సాప్‌లోగానీ బిజినెస్ యాప్‌లోగానీ ఉంటుంది, ఒకేసారి రెండింట్లో ఉండదు. ఇంటి నంబరే వాడితే మేనబావ పంపిన శుభోదయం బొమ్మల మధ్య ఆర్డరు కనిపించకుండా పోతుంది. యాప్ ఉచితం. అందులో నాలుగు సదుపాయాలు చాలు.

ఒకటి, క్యాటలాగ్. ప్రతి సరుకుకూ ఫోటో, పేరు, ధర, రెండు వాక్యాల వివరం. ఈ వివరం రాయడంలోనే మనవాళ్లు తడబడతారు. "మంచి క్వాలిటీ, సూపర్ కలర్" అని రాస్తే కొనేవాళ్లకు ఏమీ తెలియదు. ఇలా రాయండి: "నారాయణపేట చేనేత నూలు చీర. ఆవపువ్వు రంగు మీద చిన్న గళ్లు, మెరూన్ గుడి అంచు. చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క కలిసే ఉంటుంది. మొదటిసారి విడిగా చన్నీళ్లలో ఉతకాలి." అడగబోయే నాలుగు ప్రశ్నలకు ముందే జవాబు దొరికింది.

రెండు, క్విక్ రిప్లై. రోజూ వచ్చే ప్రశ్నలు ఐదారే ఉంటాయి: ధర ఎంత, పోస్టు ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో వస్తుంది, రంగు పోతుందా, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా. వీటికి ఒకసారి కుదురుగా జవాబు రాసి దాచుకుంటే, ఏటవాలు గీత (/) నొక్కి రెండక్షరాలు కొడితే మొత్తం వచ్చేస్తుంది.

మూడు, లేబుళ్లు. కొత్త ఆర్డరు, డబ్బు రావాలి, డబ్బు వచ్చింది, పంపేశాం. ఈ నాలుగు రంగులు చూసి సాయంత్రం పది నిమిషాల్లో లెక్క తేల్చుకోవచ్చు.

నాలుగు, బ్రాడ్‌కాస్ట్ జాబితా. ఒక్కో జాబితాలో 256 మంది దాకా పెట్టుకోవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. కాబట్టి సరుకు ఇచ్చేటప్పుడే "అమ్మా, మా నంబరు సేవ్ చేసుకోండి, కొత్తవి వస్తే పంపుతాం" అని అడగండి. సంచిలో వేసే చిన్న కార్డు మీదా అదే రాయండి. జాబితాను ఒక్క ముద్దగా ఉంచకండి. పట్టు కొనేవాళ్లు వేరు, నూలు కొనేవాళ్లు వేరు. మూడు వేలకు మించి ఎన్నడూ కొనని ఆవిడకు పద్దెనిమిది వేల గద్వాల చీర పంపితే రెండుసార్లు చూస్తుంది, మూడోసారి బ్లాక్ చేస్తుంది. వారానికి ఒక్క సందేశం మించవద్దు. కొత్త సరుకును రోజూ చూపించాలనిపిస్తే స్టేటస్ ఉంది కదా. 24 గంటల్లో పోతుంది, చూడాలనుకున్నవాళ్లే చూస్తారు, ఎవరినీ విసిగించదు.

ఊరి గ్రూపుల్లో, కుల సంఘం గ్రూపుల్లో, బడి గ్రూపుల్లో సరుకు ఫోటోలు గుమ్మరించకండి. అక్కడ మీకు వచ్చేది గిరాకీ కంటే చిరాకే ఎక్కువ.

ఏమి తీయాలి, ఎలా తీయాలి

ఇక్కడ కొంచెం నిదానించండి. చీరను హ్యాంగర్‌కు తగిలించి ట్యూబ్‌లైటు కింద తీసిన ఫోటోకు, మగ్గం మీద ఉన్న చీరను తీసిన ఫోటోకు నాలుగింతల తేడా ఉంటుంది. మొదటి రకం ఫోటో సూరత్ మిల్లు వ్యాపారి దగ్గరా ఉంది. రెండోది మీ దగ్గరే ఉంది.

పోచంపల్లి ఇక్కత్ పనినే తీసుకోండి. చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారపు చట్రం మీది మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ పోవాలి. చేత్తో అయితే ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి ముందుకూ వెనక్కూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ దారానికి గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు ముక్కతో బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ వేరే చోట కట్టి, మళ్లీ ముంచి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు. కట్టు విప్పుతుంటే ఎరుపు మధ్య తెల్లటి మచ్చ బయటపడే క్షణాన్ని దగ్గర నుంచి పదిహేను సెకన్లు తీయండి. ఒక్క మాట కూడా అక్కర్లేదు. "ఈ చీర ఇంత ఖరీదెందుకు?" అనే ప్రశ్నకు దాన్ని మించిన జవాబు లేదు.

గద్వాల చీరకైతే అంచు కలిసే చోటు చూపించండి. ఒడలు, అంటే చీర మధ్య భాగం, నూలు; అంచూ కొంగూ పట్టు. అంచు పేకనూ (అడ్డపోగునూ) ఒడలు పేకనూ చేత్తో మెలివేసి కలుపుతూ నేసే కుప్పడం పద్ధతి ఫోటోలో కనబడదు, వీడియోలోనే కనబడుతుంది. తిరుమల శ్రీవారికి బ్రహ్మోత్సవాల వేళ సమర్పించే జోడు పంచెలు నేసేది గద్వాలలోనే. ఆ మాట రీలులో ఒక్కసారి చెప్పినా చూసేవాళ్లకు గుర్తుండిపోతుంది.

అసలుకూ నకలుకూ తేడా చెప్పే వీడియోలు అన్నిటికంటే ఎక్కువ దూరం పోతాయి. చీరను తిరగేసి చూపించండి. నేసిన ఇక్కత్‌లో రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అచ్చువేసిన దానిలో ఒక వైపు వెలిసినట్టు, గీతలు కత్తిరించినట్టు ఉంటాయి. మీరు ఎవరినీ తిట్టలేదు, ఏ దుకాణం పేరూ చెప్పలేదు. చూసినవాళ్లు తమ బీరువాలోని చీర తీసి తిరగేసి చూసుకుంటారు. తర్వాత మీకు ఫోను చేస్తారు.

తీసే పద్ధతి గురించి నాలుగు మాటలు. ఉదయం ఎనిమిది నుంచి పది లోపు, నీడపట్టున, పగటి వెలుతురులో తీయండి. ఫోనులోని ఫిల్టర్లు ఆపేయండి. రంగు మారిన ఫోటో చూసి కొన్న చీర వెనక్కి వస్తుంది, రానూ పోనూ ఖర్చు మీదే. కెమెరా అద్దం చొక్కా అంచుతో తుడవండి, సగం ఫోటోలు దాంతోనే బాగుపడతాయి. రీలు కోసం ఫోను నిలువుగా పట్టుకోండి. మొదటి రెండు మూడు సెకన్లలోనే సరుకు కనబడాలి. "హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు అవర్" అని మొదలుపెట్టే లోపు వేలు పైకి జరిగిపోతుంది. వెనక సినిమా పాట పెట్టే అలవాటు కూడా మానుకోండి. వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ అన్ని పాటలనూ ఇవ్వదు, హక్కులున్న పాట వాడితే శబ్దం తీసేయవచ్చు. మగ్గం చప్పుడు మీ సొంతం. పచ్చళ్లకు పోపు చిటపట.

ఊరు పేరు, సరుకు పేరు తెలుగులో రాసి, పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాయండి. వెతికేవాళ్లలో చాలామంది ఇంగ్లీషు కీబోర్డు మీదే వెతుకుతారు.

ఎక్కడ, ఎప్పుడు

పెళ్లి కుదిరిన అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో చూస్తుంది, డబ్బిచ్చే అమ్మ యూట్యూబ్‌లో చూస్తుంది. నా గమనింపు ఇది. చీరలకు ఈ రెండూ, ఊళ్లోని సేవలకు ఫేస్‌బుక్. ఒకదానికి తీసిన చిన్న వీడియోను మిగతావాటిలోనూ పెట్టుకోవచ్చు, మళ్లీ తీయనక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతాను మాత్రం ప్రొఫెషనల్ రకానికి మార్చుకోండి. ఏ ఊరివాళ్లు చూస్తున్నారో, ఏ వేళలో చూస్తున్నారో అప్పుడే తెలుస్తుంది.

వారానికి రెండు వీడియోలు, రోజుకొక స్టేటస్ చాలు. కాకపోతే పంచాంగం ఎదురుగా పెట్టుకోండి. బతుకమ్మ చీరలను ఎంగిలిపూల రోజున పెడితే లాభం లేదు. జాకెట్టు కుట్టించాలి, కొంగుకు కుచ్చులు వేయించాలి, దర్జీ దగ్గర అప్పటికే వరుస కట్టి ఉంటారు. వినాయక చవితికే చూపించడం మొదలుపెట్టాలి. వరలక్ష్మీ వ్రతం చీరలకు ఆషాఢంలోనే. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆ వారమంతా చేనేత గురించి వెతికేవాళ్లు ఎక్కువ. మగ్గం వీడియోలన్నీ ఆ వారానికి దాచి పెట్టుకోవచ్చు.

కొల్లాపూర్ మామిడి తోట ఉన్నవాళ్లు పూత దశ నుంచే చూపించాలి. పూత, పిందె, కాయ. కోతకు వచ్చేసరికి పెట్టెలు ముందే బుక్కవుతాయి, వ్యాపారి చెప్పిన ధరకు తలవంచనక్కర్లేదు. కురుమూర్తి జాతర, చెరువుగట్టు జాతర దారిలో హోటలు ఉన్నవాళ్లు ఆ రోజుల్లో పెట్టవలసింది వంటకాల ఫోటోలకంటే ముందు "బండ్లు నిలుపుకోవడానికి చోటుంది, తెల్లవారుజామున నాలుగింటికి తెరుస్తాం" అన్న సంగతి.

ధర దాచకండి

"ధర కోసం మెసేజ్ చేయండి" అన్న వాక్యాన్ని తుడిచేయండి. దానివల్ల ఎంక్వైరీలు పెరుగుతాయని నేర్పేవాళ్లు ఉన్నారు. పెరుగుతాయి, నిజమే. అందులో ముప్పావు వంతు ధర వినగానే మాయమయ్యేవాళ్లు. మీ పూటంతా వాళ్లతోనే పోతుంది. ధర రాస్తే కొనగలిగినవాళ్లే అడుగుతారు. "పక్క దుకాణంవాడు చూసి తగ్గిస్తాడు" అనే భయం ఉంటే, వాడికి మీ ధర తెలియదనుకోవడమే భ్రమ.

మెసేజ్‌కు పగటిపూట అరగంటలో జవాబివ్వండి. దుకాణంలో గిరాకీ ఉంటే "పది నిమిషాల్లో చెప్తాను అమ్మా" అన్న ఒక్క మాటైనా పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత, మీరు లేనప్పుడు యాప్ తనంతట తానే పంపే జవాబు (అవే మెసేజ్) ఆ పని చూసుకుంటుంది. మాట తీరు దుకాణంలో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. బేరం ఇలా నడవవచ్చు:

"ఇంకాస్త తగ్గించరా?"
"నమస్తే అమ్మా. ఈ చీర మా ఇంట్లో నేసిందే, ధరలో తగ్గించడానికి వీలుండదు. రెండు తీసుకుంటే పోస్టు ఖర్చు మేమే పెట్టుకుంటాం."
"రంగు ఫోటోలోలాగే ఉంటుందా?"
"ఇప్పుడే ఎండలో పెట్టి చిన్న వీడియో తీసి పంపుతాను, చూసి చెప్పండి."

ఆ చివరి జవాబు విన్నవాళ్లలో చాలామంది కొంటారు. వెంటనే వీడియో తీయగలిగింది సరుకు చేతిలో ఉన్నవాడే. ఎవరో పంపిన ఫోటోలు తిప్పి అమ్మే రీసెల్లర్‌కు అది సాధ్యం కాదు.

డబ్బు, పార్శిల్

డబ్బు రావడానికి మీరు పిన్ కొట్టనక్కర్లేదు, ఏ క్యూఆర్ కోడూ స్కాన్ చేయనక్కర్లేదు. "ఆర్మీ క్యాంటీన్‌కు యాభై చీరలు కావాలి, ఈ కోడ్ స్కాన్ చేస్తే అడ్వాన్స్ వస్తుంది" అనేవాడు మోసగాడే. చెల్లించినట్టు పంపిన స్క్రీన్‌షాట్ చూసి పార్శిల్ కట్టకండి, బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూడండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆపగలిగే అవకాశం అంత.

పార్శిల్ కట్టేటప్పుడు చీర విప్పి, రెండు వైపులా చూపించి, సంచిలో పెట్టి అతికించేదాకా ఆపకుండా వీడియో తీయండి. తర్వాత "మచ్చ ఉంది" అన్న తగాదా వస్తే మీకు సాక్ష్యం అదే. రాష్ట్రం లోపల ఆర్టీసీ కార్గో, బయటికి స్పీడ్ పోస్ట్ లేదా కొరియర్. వెనక్కి తీసుకునే నియమం ముందే రాసిపెట్టండి. నేతలో లోపముంటే మార్చి ఇస్తాం, కట్టాక, ఉతికాక తీసుకోం అన్నంత స్పష్టంగా ఉండాలి. పచ్చళ్లు, పిండివంటలు అమ్మేవాళ్లు ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ)లో నమోదై, ఆ 14 అంకెల సంఖ్యను సీసా మీద వేయాలి. క్యాటలాగ్‌లోనూ పెడితే కొత్తవాళ్లకు ధైర్యం.

డబ్బు పెట్టి ప్రకటన ఇవ్వాలా?

ఇవ్వవచ్చు, మొదటి నెలలో మాత్రం కాదు. ఖర్చు లేకుండా పెట్టిన వీడియోల్లో దేనికి ఎక్కువమంది ధర అడిగారో, మెసేజ్ పెట్టారో చూసి, దానికే డబ్బు పెట్టండి. ఎవరికీ పట్టని వీడియోకు డబ్బు పెడితే ఎక్కువమందికి పట్టకుండా పోతుంది, అంతే. ఊళ్లో దుకాణమైతే చుట్టూ పాతిక కిలోమీటర్ల లోపు మాత్రమే చూపించమని ఎంచుకోవచ్చు. దేశమంతా అని వదిలేస్తే దేవరకొండ బేకరీ ప్రకటన డెహ్రాడూన్‌లో కనబడుతుంది.

లెక్క ఇలా వేయండి. ప్రకటనకు 1,500 రూపాయలు పెట్టారనుకుందాం. దానిపై 18 శాతం జీఎస్టీ 270 కలిపితే 1,770. ముప్పై మంది అడిగారు, ముగ్గురు కొన్నారు. చీరకు మీకు మిగిలేది 600 అయితే వచ్చింది 1,800. ముప్పై రూపాయల లాభం, మీ కష్టం ఉచితం. ఇది నష్టమేనా అంటే, ఆ ముగ్గురిలో ఒకరు దసరాకు మళ్లీ కొంటే కాదు. అందుకే ప్రతి ఆర్డరుకూ "మా సంగతి మీకు ఎలా తెలిసింది?" అని అడిగి నోటు పుస్తకంలో రాయండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం చెప్పింది వినండి, లైకులు చెప్పింది వినకండి.

పేరున్న వీడియోవాళ్లను పిలిపించి చూపించుకునే పద్ధతి ఒకటి నడుస్తోంది. ముందు వాళ్ల ఫాలోవర్లు ఏ ఊళ్లవాళ్లో చూపించమనండి. డబ్బు తీసుకుని చేసిన వీడియో అని అందులో చెప్పించండి, ఆ నియమం ఉంది. ఫాలోవర్లను కొనడం మాత్రం శుద్ధ దండగ. లేని మనుషులు చీరలు కట్టరు.

తాళాలు మీ దగ్గరే ఉండాలి

పేజీ నడపమని పక్కింటి అబ్బాయికో, హైదరాబాద్ ఏజెన్సీకో అప్పగించినా, ఖాతా మీ నంబరు మీద, మీ ఈమెయిల్ మీదే ఉండాలి. వాళ్లకు పని చేసే అనుమతి ఇవ్వండి, యజమాని హోదా ఇవ్వకండి. వాట్సాప్‌లో రెండంచెల పిన్ పెట్టుకోండి, ఓటీపీ ఎవరు అడిగినా చెప్పకండి. కొన్నవాళ్ల పేర్లు, నంబర్లు నెలకొకసారి కాగితం మీదకు ఎక్కించండి. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. ఆ రాత్రి పనికొచ్చింది అలాంటి కాగితాలే.

నేతన్నలకు ప్రత్యేకంగా

"డిజైన్ పెడితే పవర్‌లూమ్‌వాడు వారంలో దింపేస్తాడు" అనే భయంలో నిజం ఉంది. అలాగని దాచి పెట్టుకుంటే అమ్ముడుపోదు. మధ్యేమార్గం ఏమిటంటే, మగ్గం మీద ఉన్నప్పుడు పనితనం చూపించండి, పూర్తి డిజైన్ చూపించకండి. పదో పదిహేనో చీరలు చేతికి వచ్చాకే మొత్తం బయటపెట్టండి. ఫోటో మీద మీ పేరు, ఊరు అడ్డంగా వేయండి. మూలన వేస్తే కత్తిరించేస్తారు.

పోచంపల్లి ఇక్కత్‌కు, గద్వాల, నారాయణపేట చీరలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆ గుర్తింపు ఊరికీ నేతకూ చెందింది. మీరు విడిగా అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకుంటే, ఆ పేరును చట్టబద్ధంగా మీ పేజీ మీద, సంచి మీద వాడుకోవచ్చు. సహకార సంఘంలోనో చేనేత శాఖ జిల్లా కార్యాలయంలోనో అడగండి. చేనేత ముద్ర (హ్యాండ్‌లూమ్ మార్క్), పట్టు ముద్ర (సిల్క్ మార్క్) ఉంటే వాటిని క్యాటలాగ్ ఫోటోల్లో కనబడేలా పెట్టండి.

పూర్తిగా మీ సొంత కొత్త డిజైన్ అయితే డిజైన్ల చట్టం 2000 కింద నమోదు చేసుకోవచ్చు. పదేళ్లు హక్కు, ఇంకో ఐదేళ్లు పొడిగింపు. ఇక్కడే చాలామంది జారిపోతారు. దరఖాస్తు కంటే ముందే డిజైన్ బయట ప్రచురితమైతే అది కొత్తది కాదంటారు, నమోదు దక్కదు. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడమూ ప్రచురించడమే. కాబట్టి అలాంటి చీర మగ్గం మీద ఉంటే, దరఖాస్తు రసీదు చేతికి వచ్చేదాకా దాని ఫోటోను చుట్టాల గ్రూపులోనైనా పెట్టకండి. ఇంట్లో పిల్లలకు ముఖ్యంగా చెప్పండి, మగ్గం ముందు సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టేది వాళ్లే.